డాక్యుమెంటరీలు, వాటి మీద రాసేవాళ్లు: అపోహలు - వాస్తవాలు

పదిహేనేళ్లుగా డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తున్నాను. వాటి మీద వచ్చే రివ్యూలన్నీ వెతుక్కుని చదువుతాను, వీలున్నప్పుడు నేనూ రాస్తాను. మా రంగం గురించి కొన్ని మాటలు చాలామంది ఎంతో నమ్మకంగా అంటుంటారు. వాటిలో నన్ను బాగా బాధపెట్టేవి ఇవి.

అపోహ: డాక్యుమెంటరీ అంటే ఉన్నది ఉన్నట్టు చూపించడమే. అందులో విమర్శించడానికి ఏముంటుంది?

1922లో వచ్చిన ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ అనే డాక్యుమెంటరీ, నానూక్ అనే ఇన్యూట్ వేటగాడి కుటుంబం మీద, తీసేటప్పుడు మంచు ఇంట్లో కెమెరాకు చోటూ వెలుతురూ చాలలేదు. అందుకని ఒక పక్క తెరిచి ఉండే ఇల్లు ప్రత్యేకంగా కట్టించి, కుటుంబం అందులో నిద్ర లేస్తున్నట్టు తీశారు. తెర మీద నానూక్ భార్యగా కనిపించే ఆమె నిజానికి అతని భార్య కాదు. అప్పటికే తుపాకీతో వేటాడుతున్న మనుషుల చేత పాత పద్ధతిలో ఈటెలు పట్టించారు. అంటే మొదటి నుంచీ తెర మీదికి ఏది రావాలో ఎవరో ఒకరు నిర్ణయిస్తూనే ఉన్నారు. ఇలాంటి సినిమాలకు ‘డాక్యుమెంటరీ’ అన్న పేరు అలవాటైంది కూడా 1926లో జాన్ గ్రియర్సన్ అనే విమర్శకుడు ఒక పత్రికకు రాసిన సమీక్ష వల్లే.

నా ఎడిటింగ్ టేబుల్ మీదా అంతే. ఒకావిడ మాట ముగించాక రెండు సెకన్లు ఊరుకుందనుకోండి. ఆ రెండు సెకన్లూ ఉంచితే ఆమె తన మాటను తానే తూచుకుంటున్నట్టు ఉంటుంది. తీసేస్తే తేల్చి చెప్పేసినట్టు ఉంటుంది. రెండూ ఆమె అన్న మాటలే. ఏది ఉంచావు, ఎందుకు ఉంచావు అని నన్ను నిలదీసేవాళ్లు ఉండాలి.

అపోహ: సినిమా తెలిసిన విమర్శకుడికి ఏ జీవితమైనా అర్థమవుతుంది. రాసేది ఎవరన్నది అనవసరం.

కొన్నేళ్లపాటు నేనూ ఇలాగే అనుకున్నాను.

వినికిడి లేని ఇద్దరు అక్కాచెల్లెళ్ల మీద ఒక సినిమా ఎడిట్ చేశాను. అందులో వాళ్లిద్దరూ గొడవపడే సీన్ ఒకటుంది. అక్క సైగల భాషలో మాట్లాడుతోంది. ఆమె కోపం ప్రేక్షకులకు తెలియాలని సగంలో ముఖం క్లోజప్‌కి కట్ చేశాను. మాట కింద సబ్‌టైటిల్‌లో వస్తోంది కదా అనుకున్నాను. రివ్యూల్లో ఆ సీన్‌కి మంచి పేరొచ్చింది. ‘ఆ మౌనం గుండెను తాకింది’ అని ఇద్దరు ముగ్గురు రాశారు కూడా.

తర్వాత తనకూ వినికిడి లేని ఒక రచయిత్రి ఆ సినిమా గురించి రాశారు. అది మౌనం కాదు, అరుపు అన్నారు. చేతులు ఫ్రేమ్‌లో లేకపోతే ఆమె గొంతు నొక్కేసినట్టే అన్నారు. చదివిన రాత్రే నా ఎడిటింగ్ ఫైల్ మళ్లీ తెరిచాను. నడుము దాకా తీసిన షాట్, రెండు చేతులూ పూర్తిగా కనిపించేది, ఫుటేజీలో ఉంది. ఫోకస్ కొంచెం తప్పిందని నేనే దాన్ని పక్కన పెట్టాను.

చాలామంది దీన్ని సున్నితత్వానికి సంబంధించిన విషయం అంటారు. నేను ఒప్పుకోను. ఇది ఎడిటింగ్ తప్పు. వినగలిగే విమర్శకుల్లో ఒక్కరికీ కనిపించని తప్పు.

2017లో వచ్చిన 100 పెద్ద సినిమాలకు రివ్యూలన్నీ ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ సైట్‌లో చేరిన 19,559 రివ్యూలను అమెరికాలోని యూఎస్‌సీ అనెన్‌బర్గ్ పరిశోధకులు లెక్కగట్టారు. ఆడవాళ్లు రాసినవి 22.2 శాతం. శ్వేతజాతికి చెందని ఆడవాళ్లు రాసినవి 4.1 శాతం. ఎంతమంది విమర్శకులకు సినిమా నచ్చిందో చెబుతూ సైట్ పైన కనిపించే పర్సెంటేజ్ వీళ్లందరి మాట కలిస్తే వచ్చేదే.

ఎవరి జీవితం గురించి వాళ్లే రాయాలని నేననను. కానీ వాళ్ల మాట కూడా పక్కన ఉండాలి. ‘రైటింగ్ విత్ ఫైర్’ 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. అది ఉత్తరప్రదేశ్ పల్లెల వార్తలు అందించే ‘ఖబర్ లహరియా’ అనే వార్తా సంస్థలోని మహిళా జర్నలిస్టుల మీద తీసిన సినిమా. ఆస్కార్ వేడుకకు ముందు ఆ సంస్థే ఒక ప్రకటన ఇచ్చింది. సినిమా కదిలించేలా ఉందంటూనే, తమ పనిలో ఒక భాగాన్నే చూపి మొత్తాన్ని వేరేగా కనిపించేలా చేసిందని చెప్పింది. నా దృష్టిలో ఆ సినిమాకు వచ్చిన అతి ముఖ్యమైన సమీక్షల్లో అదొకటి. ఆ ప్రకటన చదివాక సినిమా మళ్లీ చూశాను. దాని మీద గౌరవం తగ్గలేదు, అడగాల్సిన ప్రశ్నలు పెరిగాయి.

అపోహ: సినిమాలో దమ్ముంటే జనం దాకా దానంతటదే వెళ్తుంది.

వెళ్లదు. దాని గురించి గట్టిగా చెప్పేవాళ్లు ఉండాలి. అమెరికన్ డాక్యుమెంటరీ ‘హూప్ డ్రీమ్స్’ అరగంట సినిమాగా మొదలైంది. ఇద్దరు కుర్రాళ్ల బాస్కెట్‌బాల్ కలల వెంట ఏళ్లపాటు తిరిగి, సుమారు 250 గంటల ఫుటేజీ నుంచి దాదాపు మూడు గంటల సినిమా తేల్చారు. 1994లో, ఇంకా డిస్ట్రిబ్యూటర్ దొరకకముందే, అమెరికన్ సినీ విమర్శకులు సిస్కెల్, ఈబర్ట్ తమ టీవీ ప్రోగ్రామ్‌లో దాన్ని మెచ్చుకుంటూ మాట్లాడారు. ఆస్కార్‌లో డాక్యుమెంటరీ విభాగంలో నామినేషన్ రాకపోతే విమర్శకులు ఊరుకోలేదు. ఆ గొడవ తర్వాతే అకాడమీ ఎంపిక పద్ధతిని మార్చుకుంది.

అపోహ: ఇండిపెండెంట్ అంటే డబ్బుల్లేక తీసింది.

బడ్జెట్ తక్కువే కావచ్చు. కానీ ఆ మాటకు అసలు అర్థం, ఫైనల్ కట్, అంటే సినిమా చివరి రూపం తేల్చే హక్కు, ఎవరి చేతిలో ఉందన్నది.

అపోహ: పాపం, కష్టపడి తీశారు. చిన్న సినిమాల్లో తప్పులు వెతకకూడదు.

ఇది ప్రేమతో అనే మాటే, కానీ నష్టం చేస్తుంది. 1961లో వచ్చిన ‘క్రానికల్ ఆఫ్ ఎ సమ్మర్’లో దర్శకులు జాన్ రూష్, ఎడ్గార్ మొరాన్ తాము తీసింది అందులోని మనుషులకే వేసి చూపించారు. కొందరికి నచ్చింది, కొందరు మండిపడ్డారు. ఆ వాదననూ సినిమాలోనే ఉంచేశారు.

నేనూ ఇప్పుడు పిక్చర్ లాక్ చేయకముందే, అంటే ఎడిటింగ్ ఇక మార్చనని ఖరారు చేయకముందే, రఫ్ కట్‌ని (తొలి కూర్పుని) ఆ జీవితం తెలిసినవాళ్లకు చూపిస్తున్నాను. అందుకయ్యే సమయానికి తగిన డబ్బు బడ్జెట్‌లోనే రాయిస్తున్నాను. మొన్న ఒకావిడ 14 చోట్ల ఆపించారు. పదకొండు మార్చాను. మిగతా మూడింటి మీద ఇంకా వాదించుకుంటున్నాం.