బాడుగ సాఫ్ట్‌వేర్‌కు కళ్లెం: ఈ గొడవ ఎక్కడ మొదలైంది

తిరుపతిలో, కొర్లగుంటలోనో బైరాగిపట్టెడలోనో ఇల్లు ఖాళీ అయిందంటే, పక్కవాళ్లు ఎంతకిచ్చారో యజమాని వాకబు చేస్తాడు. అందులో తప్పేమీ లేదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టమూ ఆ పనే చేయమంది. నాలుగో సెక్షన్ కింద రెంట్ కంట్రోలర్ (బాడుగ తగాదాలు తేల్చే అధికారి) న్యాయమైన బాడుగ తేల్చాలంటే, 1944 ఏప్రిల్ 5కు ముందు 12 నెలల్లో ఆ పేటలో అలాంటి ఇళ్లకు నడిచిన బాడుగలు చూడాల్సి వచ్చేది. ఆ లెక్క ఇద్దరి ముందూ జరిగేది, బాడుగకుండేవాళ్లు ఎదురు చెప్పగలిగేవాళ్లు.

అమెరికాలో అదే లెక్క తెర వెనక్కి పోయింది. టెక్సాస్‌లోని రియల్‌పేజ్ కంపెనీ 2002లో బాడుగ ఎంత పెట్టాలో చెప్పే యీల్డ్‌స్టార్ సాఫ్ట్‌వేర్‌ను, 2017లో దాని పోటీ సాఫ్ట్‌వేర్ ఎల్‌ఆర్‌ఓను కొనేసింది. అపార్ట్‌మెంట్ల కంపెనీలు అందులో పోసేది టులెట్ బోర్డు మీది ధర కాదు: సంతకం పడిన బాడుగ, ఇచ్చిన తగ్గింపు, ఒప్పందం గడువు, ఖాళీల సంఖ్య. సాఫ్ట్‌వేర్ రోజూ ఒక్కో ఫ్లాటుకు ధర సూచిస్తుంది. మేనేజరు కాదనవచ్చు, కానీ కారణం చెప్పాలి. సూచనను దానంతటదే ఒప్పేసుకునే ఏర్పాటు కూడా పెట్టారు. అసలు నష్టం ఇక్కడే. రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటే ఏ యజమానైనా వెయ్యి తగ్గిస్తాడు. పోటీదారులూ తగ్గించరన్న ధీమా ఉంటే ఎందుకు తగ్గిస్తాడు?

2022 అక్టోబరులో ప్రోపబ్లికా అనే అమెరికా వార్తాసంస్థ కథనంతో ఇది బయటపడింది. 2024 ఆగస్టులో అమెరికా న్యాయశాఖ, ఎనిమిది రాష్ట్రాలు రియల్‌పేజ్ మీద దావా వేశాయి. శాన్‌ఫ్రాన్సిస్కో అదే ఏడాది ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను నిషేధించింది, 2025లో న్యూయార్క్, కాలిఫోర్నియా చట్టాలు తెచ్చాయి. 2025 నవంబరులో న్యాయశాఖకూ రియల్‌పేజ్‌కూ కుదిరిన రాజీ షరతులు చూడండి: ధర చెప్పేటప్పుడు పోటీదారుల రహస్య డేటా వాడకూడదు, ధర లెక్కగట్టే మోడల్‌కు నేర్పే అలాంటి డేటా కనీసం 12 నెలల పాతదై ఉండాలి. లెక్కకు కాదు, డేటాకు కళ్లెం వేశారు. అదే సరైన చోటు.

మన దగ్గర ఓలా, ఉబర్ యాప్‌లు లెక్కగట్టే ధరల మీద ఫిర్యాదును, వ్యాపార పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2018లో కొట్టేసింది, డ్రైవర్ల మధ్య ఒప్పందం కనబడలేదని. తర్వాత 2023 సవరణతో, అదే వ్యాపారంలో లేకపోయినా కుమ్మక్కులో పాలుపంచుకున్నవాళ్లూ కాంపిటీషన్ చట్టం మూడో సెక్షన్ కిందికి వచ్చారు. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లను పట్టుకునే దారి అదే.

తిరుపతిలో చిన్న యజమానులే ఎక్కువ. జాగ్రత్త పడాల్సింది పీజీలు, హాస్టళ్లు నడిపేవాళ్లు. ధర చెప్పే సాఫ్ట్‌వేర్ కొనేముందు మన బాడుగల పట్టిక ఇంకెవరి లెక్కలోకి పోతుందో, వాళ్లది మన లెక్కలోకి వస్తుందో అడిగి, జవాబును ఒప్పందంలో రాయించుకోవాలి.