'స్వాగతం'లో వత్తు ఎందుకు జరుగుతుంది?

వెబ్‌సైట్ తెరవగానే కనిపించే 'స్వాగతం' అన్న మాటనే తీసుకోండి. స కింద ఉండాల్సిన వ వత్తు కాస్త కుడికి జరిగితే గ కిందికి చేరి, 'సాగ్వతం' అని చదవాల్సి వస్తుంది. టైప్ చేసినవాళ్ల తప్పు కాదు. శీర్షిక విశాలంగా కనిపించాలని డిజైనర్ అక్షరాల మధ్య ఎడం పెంచారు, అంతే.

ఈ అలవాటు సీసపు అచ్చుల కాలం నాటిది. ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాలతో శీర్షిక కూర్చేటప్పుడు కంపోజిటర్లు అక్షరానికీ అక్షరానికీ మధ్య పల్చటి రేకులు దూర్చేవారు. జర్మన్లయితే తమ గోతిక్ లిపిలో, నొక్కి చెప్పాల్సిన మాటను ఇలా ఎడంగా పేర్చే చూపించేవారు. రోమన్ అక్షరాలు విడివిడిగా నిలబడతాయి కాబట్టి ఎక్కడ ఎడం పెట్టాలన్న ప్రశ్నే రాదు. 1996 డిసెంబరులో, వెబ్‌పేజీల రూపురేఖలు నిర్ణయించే భాష సీఎస్ఎస్ తొలి ప్రమాణం వెలువడినప్పుడు ఆ పద్ధతే 'లెటర్-స్పేసింగ్' పేరుతో వెబ్‌లోకి వచ్చింది.

మనకు 'స్వా' ఒక్క అక్షరం. కంప్యూటర్‌లో మాత్రం అది నాలుగు సంకేతాలు: స, పొల్లు, వ, దీర్ఘం. వీటిని అక్షరాలుగా గుంపు చేసే నియమం యూనికోడ్‌ది, అంటే అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్ సంకేతాలు ఇచ్చే ప్రమాణానిది. ఆ నియమం చాలాకాలం పొల్లు తర్వాత తెంచేసేది. 'స్' ఒక ముక్క, 'వా' ఇంకో ముక్క. రాతలో చూస్తే ఆ దీర్ఘం ఉండేది స మీద, వ ఏమో దాని కిందకు చేరిన వత్తు. నియమం తెంచిన చోట కంటికి సందే కనిపించదు! ఆ లెక్కనే నమ్ముకున్న సాఫ్ట్‌వేర్ ఎడం ఎక్కడ పెట్టాలి?

2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ నియమాన్ని సవరించింది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో సంయుక్తాక్షరం ఒకే ముక్క అయింది. సీఎస్ఎస్ పుట్టిన 27 ఏళ్లకు! గుణింతం, వత్తులు పలక మీద దిద్దిన ఎవరికైనా తెలిసిన సంగతికి ఇంతకాలం పట్టడం నాకు బాధగానే ఉంటుంది.

అలాగని ఎడమే వద్దనలేం. చూపు మందగించినవాళ్లు, చదవడం కష్టమైనవాళ్లు దాన్ని పెంచుకుంటారు. 2018 నాటి వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల ప్రకారం అక్షర పరిమాణంలో 0.12 వంతు ఎడం పెంచినా పేజీలో ఏదీ చెడకూడదు. అయితే ఆ పద్ధతి వాడని లిపులకు మినహాయింపు ఉంది.

ఇంగ్లిష్ డిజైన్‌ను తెలుగులోకి తెచ్చేటప్పుడు, తెలుగు భాగానికి లెటర్-స్పేసింగ్ సున్నా అని విడిగా రాసుకోవచ్చు. కాకపోతే పేజీ కోడ్‌లో భాష తెలుగు అని గుర్తు పెట్టి ఉండాలి. టెంప్లేట్‌తో వచ్చిన 'ఇంగ్లిష్' గుర్తు అలాగే ఉండిపోతే, రాసుకున్న ఆ వరుస పనిచేయదు.