పదకొండు భాగాల ఫజ్

గిటార్ శబ్దాన్ని బొంగురుగా, గరగరగా మార్చే ప్రభావాన్ని ఫజ్ అంటారు. ఆ పని చేసే ఫజ్ ఫేస్ అనే గిటార్ పెడల్ అడుగు మూత విప్పితే లోపల పెద్దగా ఏమీ కనిపించదు. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, తిప్పడానికి రెండు పాట్‌లు, అంటే విలువ మార్చుకోగల రెసిస్టర్లు (పొటెన్షియోమీటర్లు). మొత్తం పదకొండు భాగాలు. ఇవి కాక రెండు జాక్‌లు, కాలితో నొక్కే స్విచ్, ఒక 9 వోల్టుల బ్యాటరీ. 1966లో లండన్‌లో ఐవర్ ఆర్బిటర్ కంపెనీ దీన్ని అమ్మకానికి తెచ్చింది. గుండ్రటి డబ్బా ఆకారాన్ని కూడా మైక్ స్టాండ్ అడుగున ఉండే దిమ్మ నుంచే తీసుకున్నారు. గిటారిస్ట్ జిమీ హెండ్రిక్స్ చేతిలో అంత మోత మోగిన పెడల్ ఇంతే. సోల్డరింగ్‌లో చేయి తిరిగినవాళ్లు ఒక సాయంత్రం కూర్చుంటే కట్టేయగలరు.

చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది. ఒకే సర్క్యూట్ బొమ్మ చూసి, ఒకే విలువల భాగాలు వేసి రెండు పెడల్స్ కడితే ఒకటి నిండుగా, చాలాసేపు పాడుతుంది. రెండోది గరగరమని రెండు క్షణాలు మోగి, తీగ ఇంకా కదులుతుండగానే నోరు మూసుకుంటుంది. తేడా ట్రాన్సిస్టర్లలో ఉంటుంది, అందులోనూ వాటి లోపాల్లో ఉంటుంది. కాబట్టి పాతకాలం ఫజ్ కట్టేవాళ్లకు సోల్డరింగ్ చిన్న పని, కొలతలే పెద్ద పని.

అసలు ఈ శబ్దం పుట్టిందే చెడిపోయిన పరికరంలోంచి. 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట ఒకటి రికార్డు చేస్తున్నారు. గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న ఆరు తీగల బాస్ గిటార్‌కి ఇచ్చిన మిక్సర్ చానల్ పాడై, శబ్దం బొంగురుగా వచ్చింది. మళ్లీ వాయించకుండా దాన్ని అలాగే ఉంచేశారు. 1961లో పాట హిట్టయింది, ఆ శబ్దం తమకూ కావాలని అడిగేవాళ్లు బయల్దేరారు. రికార్డింగ్ ఇంజినీర్ గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్‌తో కలిసి అదే బొంగురును ట్రాన్సిస్టర్లతో తెప్పించే సర్క్యూట్ తయారుచేసి గిబ్సన్ కంపెనీకి ఇచ్చాడు. 1962లో అది మాస్ట్రో ఫజ్-టోన్ పేరుతో వచ్చింది. మూడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, 3 వోల్టుల కరెంటు. మొదట్లో పెద్దగా ఆదరణ లేదు. 1965లో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ పాట ‘సాటిస్‌ఫాక్షన్’లో కీత్ రిచర్డ్స్, తర్వాత బాకాలు వాయించాల్సిన వరసకు గుర్తుగా ఫజ్‌తో వాయించి పెట్టాడు. చివరికి రికార్డులో అదే మిగిలింది, పెడల్స్ దుకాణాల్లో మాయమయ్యాయి. అదే ఏడాది లండన్‌లో గ్యారీ హర్స్ట్ టోన్ బెండర్ చేశాడు. ఫజ్ ఫేస్ వీటి వెనకే వచ్చింది.

ఫజ్ చేసే పని చెప్పుకోవడానికి సులువు. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్‌ని పెడల్ వందల రెట్లు పెంచాలని చూస్తుంది. కానీ బ్యాటరీ 9 వోల్టులే, కాబట్టి అల దాన్ని మించి ఎగరలేదు. పైన, కింద దాని తల తెగిపోతుంది. గుండ్రంగా ఊగే అల చదునైన మెట్టులా మారుతుంది. ఇలా తెగిన అలలో మూల స్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, ఐదింతలు పౌనఃపున్యం ఉన్న స్వరాలు కొత్తగా చేరతాయి. పైనా కిందా సమానంగా తెగితే మూడు, ఐదు, ఏడు లాంటి బేసి గుణకాలే వస్తాయి. ఒకవైపు ఎక్కువ తెగితే సరి గుణకాలు కూడా కలుస్తాయి. తంబురా గుర్రం మీద తీగ కింద దారం పెట్టినప్పుడు తీగ గుర్రాన్ని రాసుకుంటూ పై స్వరాలన్నిటినీ లేపుతుంది కదా, ఇక్కడ ఆ పని ట్రాన్సిస్టర్ చేస్తుంది. తీగ బలహీనపడుతున్నా అల తల తెగుతూనే ఉంటుంది కాబట్టి శబ్దం ఒకే స్థాయిలో చాలాసేపు నిలుస్తుంది. గిటారిస్టులు సస్టైన్ అనేది ఇదే.

రెండు తీగలు కలిపి మీటితే మరో విషయం బయటపడుతుంది. రెండు స్వరాల కూడిక, తీసివేతల దగ్గర కూడా కొత్త స్వరాలు పుడతాయి. 110 హెర్ట్జ్ స, దాని పైన పంచమం సుమారు 164.8. తేడా 54.8, అంటే దాదాపు కింది స్థాయి షడ్జమం. వినడానికి హాయిగా, బరువుగా ఉంటుంది. అదే 220 హెర్ట్జ్‌తో గిటార్ మెట్ల మీది అంతర గాంధారం, అంటే 277.2 కలిపితే తేడా 57.2. అది 55 కాదు, దానికి అర స్వరస్థానానికి పైనే ఎక్కువ. చెవికి బురదలా తగులుతుంది. మన గాయకులు పాడే గాంధారం 275 దగ్గర ఉంటుంది, దానితో తేడా సరిగ్గా 55 వచ్చేది. గిటార్ మెట్లు మాత్రం సప్తకాన్ని పన్నెండు సమాన భాగాలు చేసి బిగించినవి. రాక్ గిటారిస్టులు ఫజ్ వేశాక మధ్య స్వరం వదిలేసి షడ్జ పంచమాలతోనే సరిపెట్టుకోవడానికి కారణం ఈ చిన్న లెక్క.

ఇక సర్క్యూట్. ట్రాన్సిస్టర్‌కి బేస్, కలెక్టర్, ఎమిటర్ అని మూడు కాళ్లు ఉంటాయి. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి 33 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. ఆ కలెక్టర్ నేరుగా రెండో ట్రాన్సిస్టర్ బేస్‌కి కలుస్తుంది, మధ్యలో కెపాసిటర్ లేదు. రెండోదాని కలెక్టర్‌కి 8.2 కిలో ఓమ్‌లు, దాని వెనక 470 ఓమ్‌లు. ఎమిటర్ దగ్గర 1 కిలో ఓమ్ ఫజ్ పాట్. అక్కడి నుంచి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వెనక్కి తిరిగి మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కి వెళ్తుంది. ఈ వెనక్కి వెళ్లే దారి వల్లే రెండు ట్రాన్సిస్టర్లూ ఒకదాన్నొకటి అదుపులో పెట్టుకుంటాయి. అవుట్‌పుట్ తీసేది 470 ఓమ్‌ల రెసిస్టర్, 8.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కలిసే చోట. అంటే కలెక్టర్ దగ్గర 9 వోల్టుల మేర ఊగినా బయటికి వచ్చేది అందులో పద్దెనిమిదో వంతే, సుమారు అర వోల్టు. దాన్నే వాల్యూమ్ పాట్ ఇంకా తగ్గిస్తుంది.

మొదటి ఫజ్ ఫేస్‌లలో వాడినవి ఎన్‌కేటీ275 అనే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. ఇప్పుడు అసలువి దొరకడం కష్టం, దొరికినా ధర చూసి వదిలేయాల్సిందే. పాత రేడియోల్లో వేసిన ఏసీ128 బాగా పనికొస్తుంది. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీ లాంటి చోట్ల పాత సరుకు అమ్మేవాళ్లను అడగవచ్చు, అటకెక్కిన ట్రాన్సిస్టర్ రేడియోని విప్పవచ్చు. ఎలా సంపాదించినా, ఒకటి రెండు కాకుండా కొన్ని ఎక్కువే తెచ్చుకోవాలి. ఒకే పెట్టెలోంచి తీసిన రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లకు పోలిక ఉండాలన్న నియమం ఏమీ లేదు. రోజర్ మేయర్ లాంటి ఇంజినీర్లు హెండ్రిక్స్ కోసం పెడల్స్‌ను ఏరి, సవరించి ఇచ్చింది ఇందుకే.

మల్టీమీటర్‌లో గెయిన్, అంటే ట్రాన్సిస్టర్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో చూపించే మీట ఉంటుంది. జెర్మేనియం దగ్గర దాని మాట నమ్మకూడదు. బేస్‌కి ఏమీ ఇవ్వకపోయినా ఈ ట్రాన్సిస్టర్లలోంచి కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. మీటర్ ఆ లీకేజీని కూడా గెయిన్ కిందే లెక్కేస్తుంది. విడిగా కొలిచే పద్ధతి ఒకటి ఫజ్ కట్టేవాళ్లలో బాగా వాడుకలో ఉంది. పీఎన్‌పీ రకం (ఏసీ128 ఈ రకమే) ట్రాన్సిస్టర్ ఎమిటర్‌ని 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌కి కలపాలి. కలెక్టర్‌కి, మైనస్‌కి మధ్య 2.47 కిలో ఓమ్‌లు పెట్టాలి, 2.2 కిలో ఓమ్‌లకు 270 ఓమ్‌లు వరసగా కలిపితే సరిపోతుంది. బేస్‌ని గాలికి వదిలేసి ఆ రెసిస్టర్ మీద వోల్టేజీ చూడాలి. అది పూర్తిగా లీకేజీ. తర్వాత 2.2 మెగా ఓమ్‌ల రెసిస్టర్‌తో బేస్‌ని మైనస్‌కి కలపాలి. బేస్ గుండా సుమారు 4 మైక్రో ఆంపియర్లు వెళ్తాయి. ఇప్పుడు పెరిగిన వోల్టేజీని 100తో గుణిస్తే గెయిన్.

ఉదాహరణకు రెండో కొలతలో 1.30 వోల్టులు వచ్చింది అనుకుందాం. గెయిన్ 130 అని సంబరపడబోతాం. కానీ బేస్ తెరిచి ఉన్నప్పుడే 0.49 వోల్టులు ఉంది. అంటే 0.2 మిల్లీ ఆంపియర్ల లీకేజీ. నిజమైన గెయిన్ 81. ఇది పారేయాల్సిన ట్రాన్సిస్టర్ కాదు, మొదటి స్థానానికి బాగా సరిపోతుంది. మొదటిదానికి 70 నుంచి 90, రెండోదానికి 100 నుంచి 130 మధ్య గెయిన్ ఉంటే శబ్దం బాగుంటుందని కట్టేవాళ్ల అనుభవం. లీకేజీ 0.3 మిల్లీ ఆంపియర్లు దాటితే పక్కన పెట్టడమే మేలు. కొలిచేటప్పుడు ట్రాన్సిస్టర్‌ని వేళ్లతో పట్టుకోకండి. ఒంటి వేడికే మీటర్‌లో అంకె ఎక్కడం మొదలవుతుంది, అది చల్లారి నిలకడగా ఉండేదాకా ఆగాలి. బోర్డులో ట్రాన్సిస్టర్‌ని నేరుగా సోల్డర్ చేసే బదులు చిన్న సాకెట్ వేసుకుంటే తర్వాత మార్చి మార్చి వినొచ్చు, సోల్డరింగ్ ఐరన్ వేడి కూడా దానికి తగలదు.

కట్టాక మొదట చూడాల్సింది శబ్దం కాదు, రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ వోల్టేజీ. అది బ్యాటరీలో సగం, 4.5 దగ్గర ఉండాలి. అలకి పైకి, కిందకి సమానంగా చోటు దొరికేది అప్పుడే. 8.2 కిలో ఓమ్‌ల స్థానంలో 10 కిలో ఓమ్‌ల ట్రిమ్ పాట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్) పెట్టి మెల్లగా తిప్పితే అక్కడికి తేవచ్చు. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర అర వోల్టుకు కాస్త పైన కనబడితే అన్నీ సవ్యంగా ఉన్నట్టే. అలాగని 4.5 వేదవాక్కు కాదు. కాస్త అటో ఇటో జరిపితే అల ఒకవైపు ఎక్కువ తెగి, సరి గుణకాలు పెరిగి, శబ్దం రంగు మారుతుంది. మీటర్‌తో అక్కడికి చేరి, చివరి పావు మలుపు చెవికి వదిలేయాలి. ఒక జాగ్రత్త: పీఎన్‌పీ ట్రాన్సిస్టర్లతో కట్టిన ఈ పెడల్‌లో డబ్బాకి, జాక్‌లకి కలిసేది బ్యాటరీ ప్లస్. మామూలు పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్‌కి తగిలిస్తే షార్ట్ అవుతుంది.

ఇక అసలు పరీక్ష. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసి, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి 220 హెర్ట్జ్ అలని పెడల్‌లోకి పంపి, కంప్యూటర్‌లో స్పెక్ట్రమ్, అంటే ఏ పౌనఃపున్యం ఎంత ఉందో చూడటం చాలామందికి తోచే పద్ధతి. చూడటానికి శాస్త్రీయంగా ఉంటుంది, ఫలితం మాత్రం తప్పు. ఫోన్ అవుట్‌పుట్‌కి అడ్డు (ఇంపిడెన్స్) చాలా తక్కువ. గిటార్ పికప్ సన్నని తీగ వేల చుట్లు చుట్టిన కాయిల్. స్ట్రాటోకాస్టర్ గిటార్ తరహా పికప్‌కి సుమారు 6 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్, రెండు మూడు హెన్రీల ఇండక్టెన్స్ ఉంటాయి. 2.5 హెన్రీలే తీసుకున్నా 1000 హెర్ట్జ్ దగ్గర అది దాదాపు 16 కిలో ఓమ్‌ల అడ్డు, 3000 దగ్గర 47. ఫజ్ ఫేస్ ఇన్‌పుట్ ఏమో కొద్ది కిలో ఓమ్‌లే. పాఠ్యపుస్తకం ప్రకారం ఇది చెడ్డ డిజైన్, సిగ్నల్‌ని మధ్యలోనే మింగేస్తుంది. కానీ పికప్ కాయిల్ ఆ తక్కువ ఇన్‌పుట్‌తో కలిసి పై పౌనఃపున్యాలను తనంతట తానే తగ్గిస్తుంది, అందుకే ఫజ్ కీచుమనదు. గిటార్ వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే మధ్యలో ఇంకొన్ని పదుల కిలో ఓమ్‌ల అడ్డు చేరి, పెడల్ గెయిన్ పడిపోయి, శబ్దం దాదాపు శుభ్రమవుతుంది. కాలితో స్విచ్ నొక్కకుండా చిటికెన వేలితో ఫజ్‌ని తెచ్చి తీసేయగలగడం దీని గొప్పదనం. ఫోన్‌తో పరీక్షిస్తే ఇవేవీ కనబడవు. బఫర్ (ఫోన్‌లాగే తక్కువ అడ్డుతో సిగ్నల్ పంపే సర్క్యూట్) ఉన్న పెడల్‌ని ఫజ్ ముందు పెట్టినా ఇదే పోతుంది. తప్పనిసరిగా ఫోనే వాడాలంటే అల స్థాయిని పదుల మిల్లీవోల్టులకు తగ్గించి, మధ్యలో పాత పికప్ కాయిల్ ఒకటి వరసగా కలపాలి.

శబ్దమే రాకపోతే వెతకడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ని ఆంప్లిఫయర్‌కి వెళ్లే కేబుల్ మొనకు కలిపి, ఆ కొసతో ఇన్‌పుట్ నుంచి ఒక్కో బిందువునూ తాకుతూ పోతే సిగ్నల్ ఎక్కడ ఆగిందో వినపడుతుంది.

మన ఊళ్లలో ఈ పెడల్‌కి ఇంకో చిక్కు ఉంది, ఎండ. జెర్మేనియం లీకేజీ ప్రతి పది డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుంది. 20 డిగ్రీల గదిలో 0.1 మిల్లీ ఆంపియర్లు లీకయ్యే ట్రాన్సిస్టర్, మే నెల విజయవాడలో 40 డిగ్రీల దగ్గర 0.4 లీకవుతుంది. వెనక్కి వెళ్లే 100 కిలో ఓమ్‌ల దారి కొంతవరకు సర్దుతుంది, ఆ తర్వాత చేతులెత్తేస్తుంది. కలెక్టర్ వోల్టేజీ 4.5 నుంచి జరిగిపోయి, డిసెంబర్‌లో పాడిన పెడల్ ఎండాకాలంలో గుటకలు వేస్తుంది. ఇక్కడ కట్టేవాళ్లు ఆ వోల్టేజీని సర్దే ట్రిమ్ పాట్‌ని లోపల దాచకుండా డబ్బా పైకి ఒక నాబ్‌గా తేవడం మంచిది. లీకేజీ విషయంలో లండన్‌లో పెట్టుకునే హద్దు కంటే గట్టి హద్దు పెట్టుకోవాలి. లేదా సిలికాన్‌కి మారాలి. బీసీ108 లాంటి సిలికాన్ ట్రాన్సిస్టర్లకు లీకేజీ లెక్కలోకి రానంత తక్కువ, గెయిన్ మాత్రం కొన్ని వందలు. శబ్దం పదునుగా ఉంటుంది. గెయిన్ అంత ఎక్కువైతే దగ్గర్లోని మీడియం వేవ్ స్టేషన్ కూడా గిటార్ ఆంప్‌లో వినపడవచ్చు, బేస్‌కి, కలెక్టర్‌కి మధ్య 100 పికోఫారడ్ కెపాసిటర్ వేస్తే చాలావరకు పోతుంది.

బ్యాటరీ గురించి ఒక నమ్మకం ఉంది: ఫజ్‌కి చవక జింక్-కార్బన్ బ్యాటరీయే వేయాలి, ఆల్కలైన్ వేస్తే శబ్దం చెడుతుంది. లెక్క మాత్రం దీన్ని సమర్థించదు. పెడల్ మొత్తం తాగేది 0.8 మిల్లీ ఆంపియర్లు. బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్ 100 ఓమ్‌లు అనుకున్నా పడిపోయేది 0.08 వోల్టులు. వాడి వాడి 7.5 వోల్టులకు దిగిన బ్యాటరీతో తేడా వస్తుంది నిజమే, కానీ అది వోల్టేజీ తేడా, రకం తేడా కాదు. ఎవరైనా గట్టిగా వాదిస్తే రెండు రకాల్లోనూ ఒకే వోల్టేజీ చూపే బ్యాటరీలు ఎంచి, ఏది వేశారో చెప్పకుండా వాయించి, గుర్తుపట్టమనండి.