"ఏమీ చేయలేదు మేడం, ప్రేమించానంతే": అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేయడం మొదలుపెట్టి పన్నెండేళ్ళయింది. నా దగ్గరికి ఎక్కువగా కాలేజీ పిల్లలే వస్తారు. వాళ్ళలో రెండు రకాల వాళ్ళని చాలామందిని చూశాను. ఒకరు, ఎవరో రోజూ వెంట వస్తున్నారని ఎక్కే బస్సే మార్చుకున్న అమ్మాయి. ఇంకొకరు, స్టేషన్ నుంచి ఫోన్ వచ్చిందని నాన్న చెయ్యి పట్టుకుని లాక్కొచ్చిన అబ్బాయి. అబ్బాయిని అడిగితే "నేనేమీ చేయలేదు మేడం" అంటాడు. విచిత్రమేంటంటే అమ్మాయి కూడా అదే మాట అంటుంది, "వాడేమీ చేయలేదు మేడం, కానీ భయమేస్తాంది". ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ "ఏమీ చేయలేదు" లోపల ఏముందో తెలియకే ఇంత గొడవ జరుగుతోంది, అందుకే ఇది రాస్తున్నాను. ఇందులో వచ్చే పిల్లల వివరాలన్నీ గుర్తుపట్టకుండా మార్చాను.

అపోహ: ముట్టుకోలేదు, తిట్టలేదు, చూశానంతే. దానికే క్రీపీ అంటారా?

అంటారు, అనడంలో తప్పు లేదు. అమెరికాలోని నాక్స్ కాలేజీలో మెక్‌ఆండ్రూ, కోన్కీ అనే ఇద్దరు పరిశోధకులు మనకు ఒక మనిషి క్రీపీగా, అంటే "తేడాగా", ఎందుకు అనిపిస్తాడో తెలుసుకోవాలని 1341 మందిని అడిగి, ఆ ఫలితాలను 2016లో ప్రచురించారు. వాళ్ళ వాదన ఏంటంటే, ప్రమాదం ఉందని స్పష్టంగా తెలిస్తే వచ్చేది భయం, ఉందో లేదో తేల్చుకోలేనప్పుడు వచ్చేది ఈ జలదరింపు. ఎదురుగా వచ్చి గొడవ పెట్టుకునేవాడైతే అరవొచ్చు, పరిగెత్తొచ్చు. కానీ రోజూ సాయంత్రం ఆర్టీసీ బస్టాండ్‌లో అదే స్తంభానికి ఆనుకుని నిలబడి, ఏమీ మాట్లాడకుండా, నువ్వు ఎక్కిన కళ్యాణదుర్గం బస్సే ఎక్కి, నువ్వు దిగిన స్టాపులోనే దిగేవాడిని ఏమని చెప్పి ఆపాలి? బస్సు అందరిదీ. స్టాపు అందరిదీ. కండక్టర్‌కి చెబుదామంటే చెప్పడానికి జరిగింది ఏమీ లేదు, ఇంట్లో చెబుదామంటే అది ఇంకో భయం.

ఆ ఇంకో భయం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన వైపు అబ్బాయిలకి ఇది అసలు తెలియదు. పల్లె నుంచి టౌనుకి వచ్చి చదువుకునే అమ్మాయి "ఒకడు వెంట పడుతున్నాడు" అని ఇంట్లో చెప్పిందంటే చాలా ఇళ్ళలో ముందు ఆగేది వాడు కాదు, ఆ పిల్ల చదువు. ఫోన్ తీసేసుకుంటారు, కాలేజీ మాన్పిస్తారు, మరుసటి నెలే సంబంధాలు చూడటం మొదలుపెడతారు. అందుకే చెప్పదు. రోజంతా మనసులో లెక్కలు వేసుకుంటూ ఉంటుంది: ఏ బస్సుకి పోవాలి, ఎవరితో కలిసి నడవాలి, చున్నీ ఎలా వేసుకోవాలి, నవ్వితే ఏమనుకుంటాడు, నవ్వకపోతే ఏం చేస్తాడు. నువ్వు రోజుకి పది నిమిషాలు చూసి వెళ్ళిపోతావు తమ్ముడూ, ఆ లెక్కలు మాత్రం ఆమె ఇరవై నాలుగు గంటలూ వేసుకోవాలి.

అపోహ: ఆమె "వద్దు" అనలేదు కదా, అంటే ఆశ ఉన్నట్టే.

నా గదిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట ఇదే. మనం తెలుగువాళ్ళం అసలు ఎవరికైనా మొహం మీద వద్దు అంటామా? అప్పు అడిగిన బంధువుకి "ఈ నెల కొంచెం టైట్‌గా ఉంది" అంటాం. పెళ్ళికి పిలిచినవాళ్ళకి "చూస్తాం అన్నా, వీలైతే తప్పకుండా వస్తాం" అంటాం, మనం రామని వాళ్ళకీ అక్కడే అర్థమైపోతుంది. కిట్జింగర్, ఫ్రిత్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 1999లో సరిగ్గా ఇదే చూపించారు. మామూలు సంభాషణలో మనుషులు కాదనేటప్పుడు ఆ మాటే వాడటం తక్కువ. కాసేపు ఆగుతారు, నసుగుతారు, ఏదో ఒక కారణం చెబుతారు, వినేవాళ్ళకి అది కాదనడమేనని బాగానే తెలుస్తుంది. మిగతా అన్ని విషయాల్లో అర్థమయ్యేది ప్రేమ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకు అర్థం కాదు?

మన పిల్లలు వద్దు అని ఎలా చెబుతారో నేను విన్నవి రాస్తాను. "ఇప్పుడు చదువు మీదే ఉండాను." "ఇంట్లో ఒప్పుకోరు." "మీరు మంచోళ్ళు, కానీ..." "చూద్దాంలే." మూడు మెసేజ్‌లకి ఒక "ఊఁ". బ్లూ టిక్ పడి రెండు రోజులైనా జవాబు లేకపోవడం. పక్కన ఫ్రెండ్ లేకుండా కనబడకపోవడం. అన్నిటికన్నా స్పష్టమైనది, అప్పటిదాకా ఏ పిలుపూ లేని చోట ఉన్నట్టుండి "అన్నా" అని చేర్చడం. "నోట్స్ ఇచ్చినందుకు థ్యాంక్స్ అన్నా" అందంటే అది గౌరవం మాత్రమే కాదు, మర్యాదగా వేసిన తలుపు. దాన్ని పట్టుకుని "అన్నా అనొద్దు" అని పోట్లాడే అబ్బాయిలు నాకు బాగా తెలుసు. అలా పోట్లాడుతున్నాడంటే ఆ పిలుపుకి అర్థం వాడికి తెలిసిందనే కదా?

ఒకబ్బాయి నాతో వాదించాడు, "మేడం, మనింటికి వచ్చినవాళ్ళు అన్నం వద్దంటే ఊరుకుంటామా, మొహమాటపడతారని మళ్ళీ మళ్ళీ అడుగుతాం కదా, ఇది కూడా అంతే". నిజాయితీగా అడిగాడు, నేనూ చాలాసేపు ఆలోచించాను. మన మర్యాదలో ఆ అలవాటు ఉన్నమాట నిజమే. కానీ ఆ అతిథి మన ఇంటికి తనంతట తాను వచ్చాడు, లేచి వెళ్ళాలంటే వెళ్ళగలడు. ఆ పైన, బంతిలో కూర్చున్నవాళ్ళు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే ఎంత ప్రేమగల అత్తమ్మ అయినా వేళ్ళ మీద చారు పోయదు. అక్కడ ఆగడం మనందరికీ చిన్నప్పుడే వచ్చింది. "ఇంట్లో ఒప్పుకోరు" అన్న మాట ఆ అడ్డం పెట్టిన చెయ్యే.

అపోహ: మరదలు వరసే కదా, ఆటపట్టిస్తే తప్పేంటి?

మన సీమలో మేనరికాలు ఇంకా ఉన్నాయి కాబట్టి ఇది వేరుగా రాయాల్సి వచ్చింది. వరస ఉంది కాబట్టి చెయ్యి పట్టుకోవచ్చు, పదిమందిలో "నాకే రాసిపెట్టారు" అనొచ్చు, ఫోన్ లాక్కుని చూడొచ్చు అనుకుంటారు. పెద్దవాళ్ళు నవ్వుతారు, ఆ నవ్వు చూసి అమ్మాయి కూడా నవ్వాల్సి వస్తుంది. ఈ నవ్వుని ఒప్పుకోవడం అనుకోకండి. బయటివాడైతే తప్పించుకుని తిరగొచ్చు, పండక్కీ పబ్బానికీ ఇంటికొచ్చే మామ కొడుకుని ఎక్కడ తప్పించుకుంటుంది? ఒక పాప సంక్రాంతికి ఊరికి పోకుండా హాస్టల్‌లోనే ఉండిపోయింది, వాళ్ళ అమ్మకి ఇప్పటికీ పరీక్షలనే చెప్పింది. వరస అంటే అడగడానికి ఒక వీలు, అంతే. ఆమె జవాబు ఆమెదే.

అపోహ: అందం, డబ్బు ఉంటే రొమాన్స్, లేకపోతే క్రీపీ.

ఇందులో కొంచెం నిజం లేకపోలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మొదటిసారి పలకరించినప్పుడు చూడటానికి బాగున్నవాడికి ఇంకో నిమిషం ఎక్కువ దొరకొచ్చు. కానీ నా దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో రంగు గురించో, చొక్కా గురించో కంప్లయింట్ చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. చెప్పేవన్నీ ఇవే: నంబర్ నేను ఇవ్వలేదు, ఎక్కడి నుంచో సంపాదించాడు. నా పాత ఫోటోలన్నీ కిందిదాకా వెళ్ళి లైక్ చేశాడు. మా తమ్ముడితో స్నేహం చేసి ఇంటికొచ్చాడు. బుల్లెట్ మీద వచ్చేవాడు చేసినా అది అలాగే ఉంటుంది. డబ్బున్నవాడైతే భయం ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాడి మీద చెబితే ఎవరు నమ్ముతారు?

అపోహ: టైమ్‌పాస్ కాదు, పెళ్ళి చేసుకోవాలనే మంచి ఉద్దేశంతోనే వెంటపడుతున్నా.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక సీనియర్ ఇలాగే మంచి ఉద్దేశంతో ఏడాది పాటు మా వీధి చివర నిలబడ్డాడు. ఒక లెక్చరర్‌కి చెప్పుకుంటే "మంచి కుటుంబం పిల్లోడమ్మా, నీ అదృష్టం" అన్నారు. ఆ మాట తర్వాత నేను ఇంకెవరికీ చెప్పలేదు. టవర్ క్లాక్ దగ్గర దిగి ఐదు నిమిషాల్లో ఇల్లు చేరాల్సినదాన్ని, ఏడాదంతా చుట్టూ తిరిగి ఇరవై నిమిషాలు నడిచాను. అతని ఉద్దేశం ఏంటో నాకు కనబడదు కదా, నాకు కనబడింది వీధి చివర నిలబడ్డ మనిషి.

అపోహ: పట్టు వదలకుండా తిరిగితే ఏదో ఒకరోజు ఒప్పుకుంటుంది.

దీన్ని మనకి నేర్పింది సినిమాలేనని అందరూ అంటారు, నేనూ అంటాను, కానీ దాని పక్కనే ఇంకో విషయం ఉంది. బామైస్టర్ అనే సైకాలజిస్టు తన తోటివాళ్ళతో కలిసి 1993లో ఒకవైపు ప్రేమ గురించి రెండు పక్షాల అనుభవాలనూ రాయించి చూశాడు. ప్రేమించేవాళ్ళకి ఏం చేయాలో కథలూ పాటలూ బోలెడు నేర్పుతాయి, కాదనాల్సినవాళ్ళకి ఎలా కాదనాలో నేర్పేవి దాదాపు లేవు. కాదన్నవాళ్ళు కూడా చిరాకుతో, తప్పు చేశామేమోనన్న బాధతో నలిగిపోయారు. మన కథల్లో కూడా చూడండి, వెంటపడేవాడికి ఐదు పాటలుంటాయి, వద్దనే అమ్మాయికి తర్వాత మనసు మారే సీన్ ఒక్కటే ఉంటుంది.

ఒప్పుకున్నవాళ్ళు ఉన్నారు కదా అంటారు. ఉన్నారు. విసిగిపోయి, భయపడి, వీడు చేయి కోసుకుంటే పాపం నాకేనని సరే అన్నవాళ్ళు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు. వాళ్ళలో కొందరు పెళ్ళయిన నాలుగేళ్ళకి నా దగ్గరికి వస్తారు. చచ్చిపోతానని బెదిరించడం ప్రేమ కాదు నాయనా. నిజంగా అలాంటి ఆలోచనే వస్తుంటే అది ఆమె మోయాల్సిన బరువు కాదు, మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్యి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు.

అపోహ: కేసులు గీసులు ఏమీ ఉండవు, మహా అయితే వార్నింగ్ ఇచ్చి పంపుతారు.

ఆసక్తి లేదని ఒక స్త్రీ స్పష్టంగా తెలియజేసినా పదేపదే వెంటపడటం, మాట్లాడటానికి ప్రయత్నించడం, ఆన్‌లైన్‌లో ఆమె మీద నిఘా పెట్టడం 2013 నుంచే నేరం. అప్పుడు ఐపీసీ 354డి, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 78. మొదటిసారి మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ దాకా జైలు, జరిమానా. అందులో ఫలానా మాటే అనాలని లేదు, ఆసక్తి లేదని తెలియజేస్తే చాలు. అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం కూడా రావచ్చు, ఇంటర్ పిల్లలు ఎక్కువగా ఆ వయసువాళ్ళేనని మర్చిపోవద్దు. కాలేజీలో జరిగితే 2015 యూజీసీ నిబంధనల ప్రకారం అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, జరిగిన మూడు నెలల్లోపు రాసి ఇవ్వాలి. బయటైతే మహిళల హెల్ప్‌లైన్ 181కి, అత్యవసరమైతే 112కి ఫోన్ చేయొచ్చు.

అబ్బాయిల వెంట పడే అమ్మాయిలు ఉండరా అంటే ఉంటారు, తక్కువగా అయినా అలాంటి అబ్బాయిలు నా దగ్గరికి వచ్చారు. ఆ 78వ సెక్షన్ వెంటపడే అమ్మాయిలకి వర్తించదు, పైగా ఈ అబ్బాయిలు ఎవరికి చెప్పినా "నీకేం నష్టంరా" అని నవ్వుతారు. వాళ్ళకీ నిద్ర పట్టదు.

అపోహ: అయితే అబ్బాయిలు నోరే విప్పకూడదన్నమాట.

ఎవరన్నారు? అడగండి. పరిచయం ఉన్న మనిషిని, ఆమె ఒంటరిగా ఇరుక్కుపోని చోట, ఒక చిన్న ప్రశ్న అడగండి. బస్సు సీటు పక్కన కాదు, లిఫ్ట్‌లో కాదు, ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక నడిచే దారిలో కాదు, నలుగురు ఫ్రెండ్స్ వెనక నిలబడి కేకలు వేస్తుండగా అస్సలు కాదు. కాలేజీ క్యాంటీన్‌లో "ఆదివారం ఉగ్గాని తినడానికి వెళ్దామా, వద్దంటే ఏం పర్లేదు" అని అడిగితే అందులో తప్పేముంది? ఆ "ఏం పర్లేదు" అన్నది నిజం కావాలి. ఆమె కాదన్నాక మరుసటి రోజు క్లాసులో మొహం మాడ్చుకోకుండా, స్టేటస్‌లో విరహ గీతాలు పెట్టకుండా, ఫ్రెండ్స్‌తో రాయబారం పంపకుండా మామూలుగా ఉండగలవా? ఉండగలిగితే అడుగు. సిగ్గు, తడబాటు, చెమటలు, మాట తప్పుగా రావడం, ఇవేవీ ఎవరినీ భయపెట్టవు. మొహమాటస్తులైన అబ్బాయిలు తమని తాము క్రీపీ అనుకుని కుమిలిపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆమె తేలిగ్గా తప్పుకోగలిగే దారి ఉందా లేదా అన్నదొక్కటే చూసుకోండి.

అపోహ: తప్పు తెలిసింది కాబట్టి ఒక్కసారి కలిసి సారీ చెబితే మనసు తేలికపడుతుంది.

ఎవరి మనసు? పైన చెప్పిన, వాళ్ళ నాన్న లాక్కొచ్చిన పిల్లల్లో ఒకడు ఆరు వారాలు నా దగ్గరికి వచ్చాడు. మొదట్లో కోపంగా ఉన్నవాడు చివరికి ఏడ్చాడు, "ఒక్క మెసేజ్ మేడం, సారీ అని మాత్రమే" అని బతిమాలాడు. ఆ మెసేజ్ వచ్చిన శబ్దానికి ఆమె గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో ఆలోచించమన్నాను. మరి నేను మారానని ఆమెకి ఎలా తెలుస్తుంది అన్నాడు. ఆ స్తంభం దగ్గర నువ్వు లేకపోతే తెలుస్తుంది అన్నాను. ఇప్పుడు అతను గంట ముందు బస్సుకి ఇంటికి పోతున్నాడు.