ఫోర్ బై ఫోర్ పికప్‌లో డిఫరెన్షియల్, ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్: అపోహలు - వాస్తవాలు

బండి తెచ్చినవాళ్లను ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగితే కిలోమీటర్లతో సహా చెబుతారు. వెనక డిఫరెన్షియల్ ఆయిల్ సంగతి అడిగితే మాత్రం పక్కనున్న డ్రైవరు వంక చూస్తారు. డ్రైవరు నా వంక చూస్తాడు.

మా షెడ్డుకు వచ్చే ఫోర్ బై ఫోర్ పికప్‌లలో, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందించగల పికప్‌లలో, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బొలెరో క్యాంపర్లు ఉంటాయి, ఏజెన్సీ ఘాట్ రోడ్లెక్కే హైలక్స్‌లు ఉంటాయి, మన శ్రీసిటీ ఫ్యాక్టరీలోనే తయారయ్యే ఇసుజు వి-క్రాస్‌లు ఉంటాయి. బండి ఏదైనా కింద మూడు పెట్టెలు ఉంటాయి: ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్, గేర్‌బాక్స్ వెనకాల ట్రాన్స్‌ఫర్ కేస్. డిఫరెన్షియల్ అంటే యాక్సిల్ మధ్యలో ఉండి రెండు పక్కల చక్రాలకు శక్తి పంచే గేర్ల పెట్టె. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆ శక్తిని ముందుకూ వెనక్కూ పంచుతుంది. మూడింటికీ వేర్వేరు ఆయిల్, వేర్వేరు కొలత. ఇంజిన్‌లా వీటికి ఫిల్టరు కూడా ఉండదు. అరిగిన ఇనుము ఎక్కడికీ పోదు, ఆ ఆయిల్లోనే తిరుగుతుంది.

అపోహ: కంపెనీ పోసిన ఆయిల్ బండి జీవితకాలం వస్తుంది.

ఎవరి జీవితకాలం అన్నదే ప్రశ్న. కొన్న కొత్తలో డిఫరెన్షియల్లోని క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్లు ఒకదానికొకటి సర్దుకుంటూ సన్నటి ఇనప రజను వదులుతాయి. అందుకే మొదటి మార్పు కాస్త ముందే చేయించడం మంచిది. ఆ తర్వాత మీ బండి మాన్యువల్లో రాసిన గడువు పాటించండి. అందులో రెండు వరుసలు ఉంటాయి, ఒకటి మామూలు వాడకానికి, రెండోది కఠిన వాడకానికి. బరువులు, దుమ్ము, బురద, నీళ్లు, ట్రాలీ లాగడం ఇవన్నీ రెండో వరుసలోకే వస్తాయి. పికప్ కొన్నవాళ్లలో మొదటి వరుసకు చెందినవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

అపోహ: నేను ఫోర్ వీల్ వేయను, కాబట్టి ట్రాన్స్‌ఫర్ కేస్‌కూ ముందు డిఫరెన్షియల్‌కూ పని లేదు.

టూ వీల్‌లో ఉన్నా ఇంజిన్ శక్తి వెనక చక్రాలకు చేరేది ట్రాన్స్‌ఫర్ కేస్ గుండానే. లోపలి షాఫ్టు, బేరింగులు బండి కదిలినంతసేపూ తిరుగుతాయి. ముందు డిఫరెన్షియల్‌కు పని తక్కువన్నది నిజమే. అయితే ముందు హబ్‌లు (చక్రాల మధ్యభాగాలు) యాక్సిల్ నుంచి విడదీసే ఏర్పాటు ఉండి, వాటిని విడదీసి ఉంచితే తప్ప, చక్రాలతోపాటు యాక్సిల్ షాఫ్టులూ లోపలి చిన్న గేర్లూ తిరుగుతూనే ఉంటాయి. అసలు వాడని పెట్టెలో ఇంకో చిక్కుంది. ఆయిల్ అడుక్కి దిగి, పైభాగం పొడిగా ఉండిపోయి తేమకు తుప్పు పడుతుంది. నెలకు కనీసం 16 కిలోమీటర్లు ఫోర్ వీల్‌లో నడపమని టయోటా మాన్యువళ్లు చెబుతాయి. మట్టి రోడ్డు మీదో ఇసుకలోనో నడపండి, తారు రోడ్డు మీద వద్దు.

అపోహ: 90 ఆయిల్ ఒక డబ్బా కొంటే అన్నిటికీ సరిపోతుంది.

90 అన్నది గేర్ ఆయిల్ చిక్కదనం చెప్పే అంకె మాత్రమే. నా అనుభవంలో డబ్బు ఎక్కువగా తగలేసేది ఈ నమ్మకమే. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

వెనక డిఫరెన్షియల్లో ఉండేవి హైపాయిడ్ గేర్లు. పినియన్ క్రౌన్ మధ్యగీతకు ఎదురుగా కాకుండా కొంచెం కిందకు జరిగి కూర్చుంటుంది. దానివల్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, రాసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర చిరిగిపోతుంది. జీఎల్-5 అనే తరగతి గేర్ ఆయిల్లో గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు ఉంటాయి. రాపిడికి వేడెక్కినచోట అవి ఇనుముతో కలిసి ఒక పలుచని రక్షణ పొర కట్టి, పళ్లు అతుక్కుపోకుండా కాపాడతాయి. డబ్బా మూత తీయగానే ముక్కు పగిలేలా వచ్చే వాసన వాటిదే. ‘కొత్త ఆయిలే మాడిన కంపు కొడుతోంది, డూప్లికేటేమో’ అని డబ్బా తిరిగిచ్చేయబోయినవాళ్లు ఉన్నారు.

జీఎల్-5 అంత గట్టిదైతే మాన్యువల్ గేర్‌బాక్స్‌లో కూడా అదే పోసేద్దామనుకుంటారు. అక్కడ గేరు మారేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకం ఇత్తడిని తింటుంది. తినని రకమైనా, రింగు పట్టుకోవడానికి కావలసిన రాపిడిని తగ్గించి గేరు గరగరలాడేలా చేస్తుంది. గేర్‌బాక్స్‌కు జీఎల్-4 రాసి ఉంటే జీఎల్-4 పోయండి. 4 కంటే 5 పెద్దది కదా అన్న లెక్క ఇక్కడ చెల్లదు.

ఇక ట్రాన్స్‌ఫర్ కేస్. కొన్నిట్లో గేర్ ఆయిలే. చెయిన్‌తో నడిచే వాటిలో చాలావాటికి ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో పోసే పలుచని ఎర్రటి ఆయిల్. 1990ల నాటి ఇసుజు ట్రూపర్‌లో అయితే మాన్యువల్ గేర్‌బాక్స్‌కూ ట్రాన్స్‌ఫర్ కేస్‌కూ ఇంజిన్ ఆయిలే. పలుచని ఆయిల్ కోసం తయారుచేసిన కేసులో చిక్కటి 90 పోస్తే లోపలి చిన్న పంపు దాన్ని సరిగా లాగలేదు, పై బేరింగులకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది, చలిపొద్దున ఫోర్ వీల్ పడటానికి మొరాయిస్తుంది. బయటికి వచ్చిన పాత ఆయిల్ రంగు చూసి రకం నిర్ణయించవద్దు. పాతబడ్డ ఏటీఎఫ్ గోధుమ రంగుకు తిరిగి అచ్చం గేర్ ఆయిల్లా కనిపిస్తుంది. మీ బండి మోడలు, తయారైన ఏడాది చూసి, మాన్యువల్లో ఆ పేజీ తీసి చదవాల్సిందే.

అపోహ: 90 కంటే 140 చిక్కగా ఉంటుంది, బరువులు మోసే బండికి అదే మంచిది.

ముందు అంకెల సంగతి. గేర్ ఆయిల్ అంకెలకూ ఇంజిన్ ఆయిల్ అంకెలకూ కొలబద్దలు వేరు. 100 డిగ్రీల వేడి దగ్గర ఎస్‌ఏఈ (ఆయిల్ చిక్కదనం గ్రేడులు నిర్ణయించే ఇంజనీర్ల సంస్థ) 40 ఇంజిన్ ఆయిల్ చిక్కదనం 12.5 నుంచి 16.3 సెంటిస్టోక్‌ల మధ్య ఉంటుంది. ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్‌ది 13.5 నుంచి 18.5. అంటే రెండూ దాదాపు ఇరుగుపొరుగులే. 140 మాత్రం 24కు పైమాటే. 75డబ్ల్యూ-90 అడిగిన డిఫరెన్షియల్‌లో 85డబ్ల్యూ-140 పోస్తే పినియన్ బేరింగుకు ఆయిల్ నిదానంగా చేరుతుంది, డీజిల్ కాస్త ఎక్కువ తాగుతుంది. కంపెనీయే 140 చెప్పిన బండ్లున్నాయి, వాటికి అదే పోయండి.

అపోహ: పాత ఆయిల్ దించాక డీజిల్ పోసి కడగాలి.

వద్దు. డీజిల్ అంతా బయటికి రాదు. యాక్సిల్ గొట్టాల్లో, బేరింగుల సందుల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పలచబరుస్తుంది. అడుగున ఉన్న ఇనప రజనును కదిలించి బేరింగుల్లోకి తోస్తుంది కూడా. ఆయిల్ బాగా దిగాలంటే బండిని పావుగంట, ఇరవై నిమిషాలు నడిపి గోరువెచ్చగా ఉన్నప్పుడు బోల్టు విప్పండి, చుక్కలు ఆగేదాకా ఓపిక పట్టండి. లోపల మరీ మురికిగా ఉంటే కొత్త ఆయిలే పోసి, కొద్ది రోజులు నడిపి, మళ్లీ మార్చండి.

అపోహ: డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి ఇనుము అంటుకుందంటే డిఫరెన్షియల్ పోయినట్టే.

బోల్టు చివర అంటిన ముద్దను వేలితో తీసి బొటనవేలితో రుద్ది చూడండి. కాటుకలా మెత్తగా, బూడిద నలుపులో జారితే అది మామూలు అరుగుదల, తుడిచేసి బోల్టు బిగించవచ్చు. వేలికి గుచ్చుకునే ఇనప పలుకులు, మెరిసే రేకులు, పన్ను ముక్క కనిపిస్తే మాత్రం ఆయిల్ పోయకుండా ఆగి, హౌసింగ్ (బయటి పెట్టె) విప్పి చూడాలి. పళ్లు విరిగిన క్రౌన్‌ను కొత్త ఆయిల్ అతికించదు.

అపోహ: బండి మునిగితేనే డిఫరెన్షియల్‌లోకి నీళ్లు వెళతాయి.

యాక్సిల్ పైన బ్రీదర్ అనే చిన్న గాలి రంధ్రం ఉంటుంది. కిలోమీటర్ల కొద్దీ నడిచి వేడెక్కిన యాక్సిల్‌ను ఒక్కసారిగా చల్లటి వాగులో దింపితే లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి పీల్చుకుంటుంది. బ్రీదర్ నీళ్లలో ఉంటే నీళ్లనే పీలుస్తుంది. బురదతో మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ల అంచుల్లోంచి లాగుతుంది. అదే మూసుకుపోయిన బ్రీదర్ ఎండలో హైవే మీద ఇందుకు ఎదురుగా పనిచేసి, లోపలి ఒత్తిడితో ఆయిల్‌ను సీళ్లలోంచి బయటికి తోస్తుంది. సీలు మార్చిన కొద్ది రోజులకే మళ్లీ కారిందంటే నేను ముందు బ్రీదర్ ఊది చూస్తాను. రబ్బరు గొట్టం తగిలించి దాన్ని ఇంజిన్ గది ఎత్తుకు తీసుకుపోతే ఈ బాధలు చాలావరకు తప్పుతాయి, ఖర్చు కూడా తక్కువే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో బండ్లు నీళ్లలోనే నిలిచిపోయాయి. అలాంటి బండికి ఇంజిన్, సీట్లు బాగుచేయించి కింది మూడు పెట్టెలు మరిచిపోకూడదు. పరీక్ష సులువు. బండిని రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున్నే స్టార్ట్ చేయకముందే డ్రెయిన్ బోల్టును కొద్దిగా వదులు చేయండి. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగునే ఉంటుంది, ముందు అదే కారుతుంది. అప్పటికే నడిపి ఉంటే నీరు విడిగా రాదు, ఆయిలే తెల్లగా చిలికినట్టు వస్తుంది. రెండింటిలో ఏది కనిపించినా మార్చండి, వంద రెండు వందల కిలోమీటర్లు నడిపి మరోసారి మార్చండి. రొయ్యల చెరువుల ఉప్పునీరైతే రేపటిదాకా కూడా ఆగవద్దు.

అపోహ: ముందు పాతది దించు, తర్వాత సంగతి తర్వాత.

ముందు విప్పాల్సింది పై ఫిల్లర్ బోల్టు. ఏళ్ల తరబడి తాకనిది తుప్పు పట్టి ఉంటుంది, అలెన్ కీ గాడి అరిగిపోయి గుండ్రబడి ఉంటుంది. అది రాకముందే ఆయిల్ దించేస్తే బండి కదలదు. పోసేటప్పుడు బండి నాలుగు చక్రాలూ సమంగా ఉండాలి. వెనక ఒక్కటే జాకీ ఎత్తి పోస్తే లెవెల్ తప్పుతుంది. చాలా బండ్లలో ఫిల్లర్ రంధ్రం కింది అంచుకు ఆయిల్ వచ్చి, చుక్క జారితే చాలు. పది కాలాలుంటుందని ఇంకో అరలీటరు ఎక్కించడం వల్ల నురగ పడుతుంది. ఆ నురగ బ్రీదర్ గుండానో, యాక్సిల్ సీల్ దాటో బయటికొస్తుంది. యాక్సిల్ సీల్ దాటిందంటే వెనక డ్రమ్ముల్లో బ్రేక్ షూలు ఆయిల్లో తడుస్తాయి.

కాపర్ వాషర్లు కొత్తవి వేయండి. ట్రాన్స్‌ఫర్ కేస్ సాధారణంగా అల్యూమినియం, స్పానర్‌కు పైపు తొడిగి బిగిస్తే మరలు ఊడొస్తాయి.

అపోహ: ఫోర్ వీల్‌లో మలుపు తిప్పితే బండి పట్టేస్తోంది, ట్రాన్స్‌ఫర్ ఆయిల్ పాడైనట్టుంది.

తారు రోడ్డు మీదైతే ఆయిల్ తప్పేమీ లేదు. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం తిరగాలి. మన పికప్‌ల పార్ట్‌టైమ్ ఫోర్ వీల్‌లో ఆ తేడాను సర్దే మధ్య డిఫరెన్షియల్ ఉండదు. మట్టిలో చక్రం జారి సర్దుకుంటుంది. తారు మీద జారలేక షాఫ్టులు మెలి తిరిగినట్టు బిగుసుకుంటాయి. టూ వీల్‌కు మార్చి, అవసరమైతే నాలుగడుగులు వెనక్కి నడపండి, వదులవుతుంది.

అపోహ: వెనక కూత వస్తే మంచి ఆయిల్ పోస్తే పోతుంది.

ఆయిల్ తగ్గి కూత వస్తుంటే, తొలి రోజుల్లోనే కనిపెట్టి నింపితే తగ్గవచ్చు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా మారే కూత మాత్రం క్రౌన్, పినియన్ కలిసే తీరుది, లేదా పినియన్ బేరింగుది. తొక్కినా వదిలినా మారకుండా వేగంతోపాటే పెరిగే హోరు చాలాసార్లు చక్రం బేరింగుదో టైరుదో అవుతుంది. ఖరీదైన డబ్బాలు కొనేముందు బండిని ఖాళీ రోడ్డు మీద నడిపి, అద్దాలు దించి, ఈ తేడా వినండి. షెడ్డుకు వచ్చాక మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న అదే.