రెండు రూపాయల బియ్యం దగ్గర ఆగిపోయిన మాట

'జనాకర్షక పథకం' అనగానే మనకు గుర్తొచ్చేవి ఉచిత కరెంటు, రుణమాఫీ, చౌక బియ్యం. పాపులిజానికి మన పత్రికలు ఖాయం చేసిన అర్థం ఇది. ప్రపంచ దేశాల రాజకీయాలను పోల్చి చూసే పరిశోధకుల్లో ఎక్కువమంది మాత్రం ఆ మాటను ఇంకోలా వాడతారు. ఈ తేడా పట్టకపోతే తిరుపతి చరిత్రే తప్పుగా అర్థమవుతుంది. 1983లో ఎన్టీఆర్‌ను గుడివాడతో పాటు గెలిపించిన ఊరిది. 2008 ఆగస్టు 26న చిరంజీవి ప్రజారాజ్యాన్ని మొదలుపెట్టిందీ ఇక్కడే.

పాపులిజం అన్న మాట పుట్టింది అమెరికా రైతుల మధ్య. 1892 జులైలో ఒమాహాలో పీపుల్స్ పార్టీ తన ప్రణాళిక ప్రకటించింది. రైల్వేలు ప్రభుత్వం చేతికి రావాలి, ఆదాయాన్ని బట్టి పన్ను పెరగాలి, సెనేటర్లను ప్రజలే నేరుగా ఎన్నుకోవాలి అన్నది. రైతు సంఘాల నుంచి వచ్చిన డిమాండు ఇంకొకటి: పంటను సర్కారు గోదాములో దాచి, దాని విలువలో 80 శాతం దాకా అప్పివ్వాలి. ధర పడిపోయిన రోజునే తెగనమ్ముకోవాల్సిన గతి తప్పాలన్నది దాని ఉద్దేశం. తోతాపురి కాయను ట్రాక్టర్లో పోసుకుని గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు కాచుకునే చిత్తూరు రైతుకు ఈ డిమాండు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికలో వాళ్ల అభ్యర్థి జేమ్స్ వీవర్‌కు పది లక్షలకు పైగా ఓట్లొచ్చాయి. వాళ్లు తమను తాము గర్వంగా పాపులిస్టులని చెప్పుకున్నారు. మాటకు తిట్టు రంగు తర్వాత అంటింది.

1967లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పండితులు దీనికి నిర్వచనం తేల్చడానికి కూడి, ఒప్పందం కుదరకుండానే లేచారు. పల్లె రైతులను కదిలించబోయిన రష్యా నరోద్నిక్కులు, అర్జెంటీనా అధ్యక్షుడు పెరోన్, అమెరికా రైతులు, అందరినీ ఒకే గాటన కట్టడం వాళ్ల వల్ల కాలేదు. 1991లో డోర్న్‌బుష్, ఎడ్వర్డ్స్ అనే ఆర్థికవేత్తలు లాటిన్ అమెరికా ప్రభుత్వాల లోటు బడ్జెట్లను చూసి, ఖర్చు వైపు నుంచి నిర్వచించారు. మన 'జనాకర్షక' దానికి దగ్గరి చుట్టం. 2004లో రాజనీతి పరిశోధకుడు కాస్ ముడ్ పాపులిజాన్ని పలచటి భావజాలం, అంటే తనంతట తాను నిలబడలేక మరో భావజాలానికి అతుక్కునేది, అన్నాడు: ఒకవైపు కల్మషం లేని ప్రజలు, మరోవైపు చెడిపోయిన పెద్దలు, రాజకీయమంటే ప్రజల ఇచ్ఛే. ఈ రోజు ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే. 2016లో మరో రాజనీతి పరిశోధకుడు యాన్-వెర్నర్ మ్యుల్లర్ ఇంకో షరతు పెట్టాడు: 'అసలైన ప్రజల' తరఫున మాట్లాడేది తామొక్కరే అనే పట్టు ఉండాలి.

ఇప్పుడు 1983కి వద్దాం. ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకు బియ్యం ఇస్తానన్నారు. ఎన్నికల ముందు కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రూపాయి తొంభై పైసలకే ఇవ్వడం మొదలుపెట్టింది. పది పైసలు తక్కువకు ఇచ్చినవాళ్లు ఓడారు. కాంగ్రెస్‌కు 60 సీట్లు, పుట్టి ఏడాదైనా నిండని తెలుగుదేశానికి 294లో 201. కాబట్టి బియ్యం ఒక్కటే ఈ గెలుపును వివరించలేదు. 1978 నుంచి 83 దాకా ఢిల్లీ ఒకరి తర్వాత ఒకరిగా కూర్చోబెట్టిన ముఖ్యమంత్రులు నలుగురు. బేగంపేట విమానాశ్రయంలో వాళ్లలో ఒకరైన అంజయ్యకు రాజీవ్ గాంధీ చేతిలో జరిగిన అవమానం జనం నోళ్లలో నానింది. 'తెలుగువారి ఆత్మగౌరవం' అన్న మాట ఆ మంట మీద పడింది. మరుసటి ఏడాదే కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి. ఊరికీ సర్కారుకూ మధ్య వంశపారంపర్యంగా కూర్చున్న మనిషిని తీసేయడం పాపులిజం చదివేవాళ్లు బియ్యం కన్నా ముందు చూడాల్సిన నిర్ణయమని మా అభిప్రాయం.

పాపులిజాన్ని కొలిచే పద్ధతీ ఉంది. రాజనీతి పరిశోధకుడు కర్క్ హాకిన్స్ బృందం నాయకుడి ప్రసంగాలను నాలుగు రకాలుగా తీసుకుంటుంది: ఎన్నికల ప్రచారం, ప్రారంభోత్సవం, విదేశీ వేదిక, బాగా పేరుపడ్డది. శిక్షణ పొందినవాళ్లు ప్రసంగం మొత్తం చదివి 0 నుంచి 2 దాకా ఒక మార్కు వేస్తారు. పదాలు లెక్కపెట్టరు. ప్రజలను కీర్తించడం, శత్రువుగా ఒక పెద్దల గుంపును నిలబెట్టడం, రెండూ బలంగా ఉంటేనే 2.

ఇక్కడే తెలుగులో పొరపాట్లు దొర్లుతాయి. 'సమాజమే దేవాలయం, ప్రజలే దేవుళ్లు' అన్న ఎన్టీఆర్ నినాదాన్నే చూడండి. గుడి ఊరైన తిరుపతిలో దాని బరువు ఎంతో. అయినా అందులో శత్రువు లేడు. ఆ ఒక్క వాక్యానికి 2 వేస్తే తప్పు. రెండోది 'పెద్దలు' అన్న మాట. 'ఊరి పెద్దలు' అంటే గౌరవం, 'ఢిల్లీ పెద్దలు' అంటే ఎత్తిపొడుపు. ఇంగ్లీషు అనువాదంలో రెండూ వయసులో పెద్దవాళ్లుగా మారితే ప్రసంగంలోని ప్రత్యర్థి మాయమవుతాడు, మార్కు సున్నాకు జారుతుంది. అందుకే ప్రసంగాన్ని తెలుగులోనే చదవాలి. వీలైతే రికార్డు వినాలి, ఎందుకంటే ఆ ఎత్తిపొడుపు చాలాసార్లు అక్షరాల్లో కాదు, గొంతులో ఉంటుంది.