బండి పేరు, బండి బలం, బండి మీద మార్పులు: ఒక టూవీలర్ మెకానిక్ చెప్పే అపోహలు - వాస్తవాలు

మా షెడ్డుకి అన్ని కంపెనీల బళ్లూ వస్తాయి. బండితో పాటు దాని మీద ఒక గట్టి నమ్మకం కూడా వస్తుంది. "అన్నా, ఇది హీరో హోండా టైమ్ ఇంజన్, దీనికేం కాదు." "బుల్లెట్ అంటే పాతదేనన్నా." "సైలెన్సర్ మారిస్తే పికప్ పెరుగుతుందంట కదా?" వీటిలో కొన్నింటికి నిజంగానే కారణం ఉంది. కొన్నింటి వల్ల మాత్రం మంచి బళ్లు పాడవుతున్నాయి, మనుషులకి దెబ్బలు తగులుతున్నాయి. నా పనిలో చూసిన దాన్ని బట్టి వివరంగా రాస్తున్నాను.

అపోహ: హీరో హోండా విడిపోయాక స్ప్లెండర్ ఇంజన్ మారిపోయింది. పాతదే గట్టిది.

హీరో, హోండా 1984లో కలిశాయి. స్ప్లెండర్ 1994లో వచ్చింది. విడిపోవాలని 2010 చివర్లో నిర్ణయించుకున్నాక, 2011లో కంపెనీ పేరు హీరో మోటోకార్ప్ అయింది. కానీ స్ప్లెండర్ ప్లస్ ఇంజన్ ఇప్పటికీ 97.2 సీసీనే. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 50 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 49.5. ట్యాంకు మీద స్టిక్కర్ మారినంత మాత్రాన లోపల ఇంజన్ పుట్టుక మారలేదు.

అసలు మార్పు వచ్చింది 2020 ఏప్రిల్లో, బీఎస్6 అనే పొగ కాలుష్య నిబంధనలతో. పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటర్ పోయి, కంప్యూటర్ చెప్పినంత పెట్రోల్ చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పాత బండికి బ్యాటరీ చచ్చిపోయినా రెండు కిక్కులు కొడితే స్టార్ట్ అయ్యేది. ఇంజెక్షన్ బండిలో పెట్రోల్ పంపుకీ కంప్యూటర్‌కీ కరెంటు కావాలి. బ్యాటరీ బాగా డౌన్ అయితే కిక్ కొట్టినా కష్టమే. దాన్ని చూసి జనం "ఇంజన్‌లో క్వాలిటీ తగ్గింది" అనుకుంటున్నారు. బ్యాటరీ మారిస్తే సరిపోయే బళ్లని హెడ్ (ఇంజన్ పైమూత) విప్పించడానికి తీసుకొస్తున్నారు.

అయితే స్ప్లెండర్ మీద మనవాళ్ల అభిమానంలో గట్టి న్యాయం ఒకటుంది. ఏ మండల కేంద్రానికి వెళ్లినా దాని క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్టు, కేబుళ్లు దొరుకుతాయి. దాన్ని విప్పి బిగించడం తెలిసిన మెకానిక్ ప్రతి ఊళ్లో ఉంటాడు. బండి నమ్మకంగా తిరగడంలో ఇది చాలా పెద్ద భాగం. ఇంజన్ ఎంత గొప్పదైనా, పార్టు కోసం వారం రోజులు ఎదురుచూడాల్సి వస్తే రోజూ పనికి వెళ్లేవాడికి అది నమ్మకమైన బండి కాదు.

అపోహ: ఆర్‌ఎక్స్ 100కి చావు లేదు.

యమహా ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చి 1996 దాకా తయారైంది. రోడ్డు మీద ఈరోజు కనిపిస్తున్నవి యజమానులు ప్రాణంగా చూసుకున్న బళ్లు. తుక్కుకి వెళ్లినవి మన కంటికి కనిపించవు కాబట్టి, మిగిలినవాటిని చూసి అన్నీ ఇలాగే ఉంటాయనుకుంటాం.

ఆ మిగిలినవి కూడా చాలావరకు బోరు కొట్టించినవే, అంటే అరిగిన సిలిండర్‌ని లోపల ఇంకాస్త వెడల్పు చేయించినవే. ఒరిజినల్ బోరు 50 మిల్లీమీటర్లు. అరిగిన కొద్దీ 0.25, 0.50, 0.75, 1.00 అంటూ పెద్ద పిస్టన్లు వేసుకుంటూ పోతారు. పాత ఆర్‌ఎక్స్ కొనేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే: వీలైతే హెడ్ విప్పించండి. నాలుగు బోల్టుల పని. మసి తుడిస్తే పిస్టన్ తల మీద సైజు అంకె ఉంటుంది. 100 అని ఉంటే ఆ సిలిండర్‌కి మామూలు సైజులు అయిపోయినట్టే, తర్వాత స్లీవ్, అంటే సిలిండర్ లోపల కొత్త గొట్టం, వేయించాలి. అలాగే ఆయిల్ పంప్ పనిచేస్తోందా, లేక పీకేసి పెట్రోల్‌లో ఆయిల్ కలిపి నడుపుతున్నారా అని అడగండి. ఇది టూ స్ట్రోక్ ఇంజన్ కాబట్టి కలపడం తప్పు కాదు. కానీ ఆ సంగతి తెలియక కొత్త యజమాని మామూలు పెట్రోల్ కొట్టించి నడిపితే పిస్టన్ పట్టేస్తుంది.

అపోహ: కొత్త బుల్లెట్‌లో దమ్ము లేదు.

ఈ మాట అనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. పాత క్యాస్ట్ ఐరన్ ఇంజన్ మీద పని నేర్చుకున్నవాణ్ణి నేను. సిలిండర్‌లో ఒత్తిడి వదిలే డీకంప్రెషర్ లివర్ పట్టుకుని, కరెంటు చూపే అమ్మీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్కర్‌ని మెల్లగా తొక్కి, అప్పుడు నిండు కిక్ కొట్టాలి. అది కుదిరాక వచ్చే ఆ మొదటి చప్పుడు చాలామందికి వాళ్ల నాన్న బండిని గుర్తు చేస్తుంది. దాన్ని నేను కాదనను.

కానీ బలం లెక్క వేరు. పాత ఇంజన్ బోరు 70, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు. గేర్‌బాక్స్ విడిగా ఉండేది. ట్యాపెట్లు (వాల్వుల సందు) తరచూ సెట్ చేయాలి, జాయింట్ల దగ్గర ఆయిల్ కారడం మామూలే. 2008 తర్వాత ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కేసులోకి వచ్చాయి. 2020లో మీటియర్‌తో మొదలై, 2021లో క్లాసిక్ 350కి వచ్చిన ఇంజన్ పూర్తిగా కొత్తది. బోరు 72, స్ట్రోకు 85.8, లోపల బ్యాలెన్సర్ షాఫ్ట్. వణుకు తగ్గింది ఆ షాఫ్ట్ వల్లే. 20.2 హార్స్‌పవర్, 27 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చే ఆ ఇంజన్‌తో హైవే మీద పొద్దంతా నడిపినా చేతులు తిమ్మిరెక్కవు. అద్దంలో వెనక బండి నంబరు చదవచ్చు. దమ్ము అంటే వణుకు అనుకుంటేనే అది తగ్గినట్టు.

పాత బుల్లెట్ ఉన్నవాళ్లు అడిగే ఒక పని మాత్రం నేను చేయను. చప్పుడు విడివిడిగా డుగ్, డుగ్ అని వినిపించాలని ఐడ్లింగ్ (బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ తిరిగే వేగం) బాగా తగ్గించమంటారు. ఇంజన్ అంత నెమ్మదిగా తిరిగితే ఆయిల్ పంపూ నెమ్మదిగానే తిరుగుతుంది. పైన వాల్వులని నొక్కే రాకర్ల దాకా ఆయిల్ సరిగా అందదు, బ్యాటరీ కూడా ఛార్జ్ కాదు. ఆ చప్పుడు విని ఆనందపడుతున్న టైంలోనే లోపల అరుగుదల జరుగుతోంది.

అపోహ: ఫారిన్ పేరున్న బండి ఫారిన్ బండే.

మనం రోడ్డు మీద చూసే చిన్న కేటీఎం డ్యూక్‌లు పుణె దగ్గర చాకన్‌లో బజాజ్ చేసేవి. ట్రయంఫ్ స్పీడ్ 400 కూడా అక్కడిదే. బీఎండబ్ల్యూ జీ310ని హోసూరులో టీవీఎస్ చేసింది. హార్లే ఎక్స్440ని హీరో చేస్తోంది. ఇవి మంచి బళ్లే. మన ఫ్యాక్టరీలూ అంతే మంచివి.

అపోహ: సైలెన్సర్ మారిస్తే పికప్ పెరుగుతుంది.

పెరిగేది చప్పుడు. చప్పుడు పెరిగితే బండి వేగంగా లాగుతున్నట్టు అనిపిస్తుంది.

కంపెనీ సైలెన్సర్ ఖాళీ గొట్టం కాదు. ఇంజన్‌లోకి ఎంత గాలి వస్తుంది, ఎంత పెట్రోల్ పడుతుంది, పొగ ఎంత ఒత్తిడితో బయటికి పోతుంది అన్నవన్నీ లెక్కేసి దాని లోపలి గదులు చేస్తారు. బీఎస్6 బండిలో పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సార్ కూడా ఆ దారిలోనే ఉంటాయి. మామూలు స్పీడులో వెళ్తున్నప్పుడు సెన్సార్ చూసి కంప్యూటర్ పెట్రోల్‌ని కొంతవరకు సర్దుకుంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మాత్రం లోపల రాసి ఉన్న లెక్క ప్రకారమే పోస్తుంది. ఆ లెక్క పాత సైలెన్సర్‌ది. కొత్త గొట్టంలో పొగ సులువుగా పోతే మిశ్రమంలో పెట్రోల్ తక్కువై ఇంజన్ వేడెక్కుతుంది. కార్బొరేటర్ బండి అయితే పెట్రోల్ వచ్చే సన్న రంధ్రం ఉన్న జెట్ మార్చాలి. మార్చకుండా బిగించేసి పంపేవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి గమనించండి. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటమని పేలుతుంటే కుర్రాళ్లు సంబరపడతారు. చాలాసార్లు దానికి కారణం జాయింట్ దగ్గర గ్యాస్‌కెట్ సరిగా కూర్చోక బయటి గాలి లోపలికి పీల్చుకోవడం. ఆ గాలిని చూసి సెన్సార్ కూడా తప్పుడు లెక్క ఇస్తుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని ఒక్కో మార్పుకి రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. శబ్ద కాలుష్యం కింద మొదటిసారికే రూ.10,000 వరకు జరిమానా ఉంది. ఆసుపత్రి పక్క సందులో రాత్రిపూట ఆ చప్పుడు వినేవాళ్ల గురించి ఆలోచించినా చాలు, నేనైతే వేయను.

అపోహ: వెనక టైరు ఎంత వెడల్పుంటే అంత గ్రిప్పు.

సన్న రిమ్ముకి వెడల్పు టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి మధ్యభాగం ఉబ్బుతుంది. నేలకి ఆనేది పెరగకపోగా, వంపుల్లో బండి తేడాగా వాలుతుంది. మైలేజ్ పడిపోతుంది. గ్రిప్పు కావాలంటే అదే సైజులో మంచి టైరు వేయించుకుని వారానికోసారి గాలి చూసుకోండి.

అపోహ: లైట్లే కదా, దానివల్ల ఇంజన్‌కేం అవుతుంది?

నడిరోడ్డు మీద ఆగిపోయి ఆటోలో మా దగ్గరికి వచ్చే బళ్లలో నేను మొదట సీటు ఎత్తి చూసేది ఇందుకే. హార్నెస్‌లో (బండి వైర్ల కట్టలో) ఒక వైరు మధ్యలో పొర చెక్కి, దానికి ఇంకో వైరు మెలిపెట్టి, పైన నల్ల టేపు చుట్టి ఉంటుంది. రెండు వానలకి టేపు జిగురు కారిపోతుంది, లోపల రాగి పచ్చగా చిలుము పడుతుంది. ఆ తర్వాత ఒక గుంతలో బండి కుదుపుకి గురైతే చాలు. ఇంజెక్షన్ బండిలో అదే కట్టలోంచి సెన్సార్ల వైర్లు కూడా వెళ్తాయి కాబట్టి లైటు కోసం చేసిన పని ఇంజన్‌ని ఆపేస్తుంది.

ఫాగ్ లైట్లు అవసరమైనవాళ్లు ఉన్నారు. వేయించుకోండి. కానీ బ్యాటరీ నుంచి విడిగా లైను, దానికి ఫ్యూజు, రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) ఉండాలి. ఒరిజినల్ వైరు ఒక్కటి కూడా కొయ్యకూడదు. లైటు కిందికి చూసేలా బిగించాలి. ఎదురొచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్మితే ఆ ప్రమాదం మీ మీదికే వస్తుంది.

అపోహ: షోరూమ్ నుంచి వచ్చిన బండిని అసలు ముట్టుకోకూడదు.

ఇప్పటిదాకా చదివి నేను మార్పులకి వ్యతిరేకం అనుకోకండి. చక్కగా మార్చిన బండి అంటే నాకు చాలా ఇష్టం. నేను చూసిన మంచి మార్పులు ఎక్కువగా పాలవాళ్ల బళ్ల మీదే ఉన్నాయి.

రెండు వైపులా 40 లీటర్ల క్యాన్లు వేలాడాయంటే పాల బరువే 80 కిలోలు దాటుతుంది, క్యాన్లు అదనం. ఆ స్టాండుని వెనక చక్రం ఇరుసు కంటే ముందుకి జరిపి బిగిస్తే బండి కుదురుగా ఉంటుంది. వెనక్కి పోతే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ ఊగుతుంది. స్టాండుని ఛాసిస్‌కి నేరుగా వెల్డింగ్ చేయకుండా క్లాంపులతో బిగించాలి, ఎందుకంటే పల్చటి పైపు వెల్డింగ్ వేడికి బలం కోల్పోయి తర్వాత అక్కడే చీలుతుంది. తప్పక వెల్డింగ్ చేయాల్సొస్తే ముందు బ్యాటరీ టెర్మినళ్లు విప్పేయండి. లేకపోతే ఇంజెక్షన్ బండిలో కంప్యూటర్ కాలిపోవచ్చు.

తర్వాత షాకబ్జార్బర్ని గట్టి గాటుకి తిప్పాలి, వెనక టైరులో బరువుకి తగ్గ గాలి పెట్టాలి, బ్రేక్ లైనర్లు ముందే మార్చాలి. లాగుడు కావాలంటే చైన్ తిరిగే ముందు పళ్ల చక్రానికి (స్ప్రాకెట్) ఒక పన్ను తగ్గించవచ్చు. ముందు 15, వెనక 45 ఉన్న బండిలో ముందు 14 వేస్తే నిష్పత్తి 3 నుంచి 3.21కి పెరుగుతుంది. బరువుతో కట్ట ఎక్కేటప్పుడు ఆ తేడా బాగా తెలుస్తుంది. బదులుగా పై స్పీడు తగ్గుతుంది, పాలవాడికి దానితో పనిలేదు. మాన్యువల్‌లో రాసిన మొత్తం బరువు పరిమితిని మాత్రం దాటకండి. నడిపే మనిషి బరువు కూడా అందులో భాగమే.

ఒకటి మారిస్తే దానికి ముడిపడ్డ మిగతావి కూడా చూసుకోవడం అంటే ఇదే. ఎత్తు హ్యాండిల్ వేయించుకున్నవాళ్లు కూడా ఇలాగే ఒక పరీక్ష చేయాలి. బండి స్టార్ట్ చేసి స్టాండు మీద ఉంచి, హ్యాండిల్‌ని రెండు వైపులా చివరిదాకా తిప్పండి. ఏదో ఒక వైపు ఇంజన్ రేజ్ అవుతోందంటే యాక్సిలరేటర్ కేబుల్ పొడవు చాలట్లేదు. సందులో యూటర్న్ కొట్టేటప్పుడు బండి దానంతటదే ముందుకి దూకుతుంది. పొడవు కేబుల్ వేయకుండా ఆ బండిని బయటికి తీయకూడదు.

అపోహ: చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్ ఎక్కువకాలం వస్తుంది.

పాత బుల్లెట్‌కి 20డబ్ల్యూ-50 అనే చిక్కటి గ్రేడు సరైనదే. అదే ఆయిల్ పల్చటి 10డబ్ల్యూ-30 అడిగే వంద సీసీ బండిలో పోస్తే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైభాగానికి ఆలస్యంగా చేరుతుంది. కారు ఆయిల్ పోస్తే ఇంకా నష్టం. మన బళ్లలో క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్‌లోనే తడుస్తుంటాయి, కొన్ని కారు ఆయిళ్లలో ఉండే మందులకి అవి జారిపోతాయి. డబ్బా వెనక ఇలాంటి తడి క్లచ్ బళ్లకి సరిపోతుందని చెప్పే గుర్తు, జాసో ఎంఏ లేదా ఎంఏ2 అని ఉందా చూడండి. ఖరీదైన బ్రాండ్ కంటే సరైన గ్రేడు, టైముకి మార్పు ముఖ్యం.

అపోహ: సారీ గార్డ్ తీసేస్తే బండి లుక్ వస్తుంది, నష్టమేం లేదు.

ఈ ఒక్క దాని దగ్గర నేను గట్టిగానే మాట్లాడతాను. వెనక చక్రంలో సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. వెనక కూర్చున్నవాళ్లు పట్టుకోవడానికి పిడి, కాలు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్ట్ కూడా అదే నియమం అడుగుతుంది. చున్నీ చివర చువ్వల్లో చిక్కుకుంటే లాగి వదిలించే టైం ఉండదు. చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి మనిషి కింద ఉంటుంది. చక్రంలోంచి చీర పేలికలు కత్తిరించి తీసిన చేతులివి.

సెకండ్ హ్యాండ్ బండి కొంటే ముందు ఎడమవైపు చూడండి. గార్డ్ లేకపోతే, ఆ మోడల్‌కి సరిపోయేది అడిగి కొనుక్కుని మిగతా రిపేర్ల కంటే ముందు దాన్నే బిగించుకోండి. మీ ఇంట్లోవాళ్లు ఆ బండి వెనక కూర్చోవడానికి ముందే ఆ పని అయిపోవాలి.